కిటికీ నుంచి కృష్ణమ్మ దాకా: దృశ్యాలు చూడటం, ఫొటో తీయడం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వైపు నుంచి మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు ఇవి. ఎక్కువ మంది చేతిలో ఉండేది ఫోనే కాబట్టి జవాబులు ముందు ఫోన్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాం. కెమెరా ఉన్నవాళ్ల కోసం అవసరమైన చోట అంకెలు ఇచ్చాం. ఏ ప్రశ్న కావాలంటే అక్కడి నుంచే చదువుకోవచ్చు.

## బయలుదేరే ముందు

మంచి ఫొటో రావాలంటే కెమెరా కొనాల్సిందేనా? ఫోన్ సరిపోదా?

పగటి వెలుతురులో గుట్ట, చెరువు, తోట తీయడానికి ఫోన్ చాలు. దూరాన ఉన్న పక్షి, చంద్రుడు, చీకట్లో కదిలే మనుషులు, వీటి దగ్గరే ఫోన్ చేతులెత్తేస్తుంది. ఇవి తీసే ఉద్దేశం లేకపోతే ఆ డబ్బు ప్రయాణానికి పెట్టుకోండి. కొనాల్సినవి చిన్నవే: ఫోన్ బిగించే క్లాంప్ ఉన్న ట్రైపాడ్, కళ్లజోడు తుడిచే మెత్తటి బట్ట, మీటరు నల్ల బట్ట. "మా ఫోన్‌లో అంతా మసక వస్తోంది" అనేవాళ్లు ముందు లెన్స్ తుడిచి చూడాలి. జేబులో పడి వేలిముద్రలు, చెమట అంటిన లెన్స్ మీద ఎండ పడితే ఫొటో అంతా తెల్లటి పొర కమ్ముతుంది.

గోల్డెన్ అవర్ అంటే గంటసేపు ఉంటదా? మేం పోయేసరికే అయిపోతున్నది.

పొద్దు పొడిచిన వెంటనే, గూకేముందు ఉండే పసుపు వెలుగు వేళను గోల్డెన్ అవర్ అంటారు. మన దగ్గర అది గంట ఉండదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఇక్కడ పొద్దు ఏటవాలుగా జారదు, నిటారుగా దిగుతుంది. ఆకాశంలో 6 డిగ్రీల ఎత్తు నుంచి నేల అంచును తాకడానికి సుమారు 25 నిమిషాలే పడుతుంది. పసుపు వెలుగు బాగా ఉండేది ఆ కాసేపే. పొద్దుగూకాక నీలి వెలుగు ఇంకో 20, 25 నిమిషాలు ఉంటుంది. చాలామంది అప్పటికే ఇంటిదారి పడతారు.

నల్లగొండలో డిసెంబరు చివర పొద్దు పొడిచేది 6:40 ప్రాంతంలో, గూకేది 5:45 ప్రాంతంలో. జూన్ చివర 5:40కి పొడిచి 6:50కి గూకుతుంది. మహబూబ్‌నగర్‌లో రెండూ ఓ అయిదు నిమిషాలు ఆలస్యం. సాయంత్రం ఫొటోకు పొద్దుగూకడానికి గంట ముందే అక్కడ ఉండండి. నిలబడే చోటు వెతుక్కోవడానికే సగం టైం పోతుంది.

పొద్దు ఏ గుట్ట వెనక నుంచి పొడుస్తదో ముందే ఎట్ల తెలుసుకోవాలి?

మార్చి, సెప్టెంబరు 21 ప్రాంతాల్లో సరిగ్గా తూర్పున పొడుస్తుంది. జూన్ చివరికి అక్కడి నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీలు, డిసెంబరు చివరికి దక్షిణానికి అంతే జరుగుతుంది. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే తూర్పు నుంచి అటు రెండున్నర, ఇటు రెండున్నర పిడికిళ్లు, ఆ మధ్యే ఏడాదంతా పొడిచేది. పడమటి వైపూ ఇదే లెక్క.

టైం కొలవడానికీ పిడికిలి పనికొస్తుంది. గుట్ట అంచుకూ సూర్యుడికీ మధ్య ఒక పిడికిలి పట్టిందంటే ఇంకా సుమారు 40 నిమిషాలు ఉన్నట్టు. సూర్యుణ్ని నేరుగా చూడకండి, చేత్తో అడ్డం పెట్టి కొలవండి.

మన వైపు ఏ నెల బాగుంటది?

ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూస్తుంది. ఆకు రాలిన నల్లమలలో ఆ ఎరుపు దూరం నుంచే కనబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో దుమ్ము, ఎండ పొర వల్ల దూరపు గుట్టలు పాలిపోతాయి. మే మొదట్లో, ఆగస్టు మొదట్లో కొన్ని రోజులు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నీడలే ఉండవు కాబట్టి అప్పుడు ఏది తీసినా చప్పగా ఉంటుంది. వానాకాలంలో మబ్బులే సగం ఫొటో. వాన వెలిసిన గంటలో గాలి కడిగినట్టుంటుంది, ఆ గంటను మాత్రం వదలొద్దు. బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు. నవంబరు నుంచి జనవరి దాకా తెల్లవారుజామున చెరువుల మీద మంచు తేలుతుంది.

## ఇంటి కిటికీ దగ్గర

కిటికీ అద్దంలోంచి తీస్తే మా మొహాలు, ట్యూబ్‌లైట్ పడుతున్నయి. ఎట్ల పోగొట్టాలి?

గది వెలుగు అద్దం మీద పడి తిరిగి లెన్స్‌లోకి రావడం వల్ల ఇది జరుగుతుంది. ముందు గదిలో లైట్లు, టీవీ ఆర్పండి. ఫ్లాష్ తప్పనిసరిగా ఆపండి. లెన్స్‌ను అద్దానికి ఆనించండి. అద్దానికీ లెన్స్‌కూ మధ్య సందు లేకపోతే ప్రతిబింబానికి దారే ఉండదు. వంచి తీయాల్సి వస్తే నల్ల బట్టకు మధ్యలో లెన్స్ పట్టేంత బొక్క పెట్టి, చుట్టూ గుడారంలా అద్దానికి ఆనేలా పట్టుకోండి. మీరు వేసుకున్న తెల్ల చొక్కా కూడా పడుతుంది, ముదురు రంగు మేలు.

కెమెరాకు పోలరైజర్ (ప్రతిబింబాలను తగ్గించే ఫిల్టర్) పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అద్దానికి ఎదురుగా నిలబడితే అది పనిచేయదు. అద్దం తలానికి సుమారు 35 డిగ్రీల వాలులో పక్కకు జరిగి, ఫిల్టర్ తిప్పుతూ చూస్తే ప్రతిబింబం మాయమయ్యే చోటు దొరుకుతుంది.

గది కనిపిస్తే బయట తెల్లగా మాడిపోతున్నది, బయట కనిపిస్తే గది నల్లగా అయితున్నది.

ఎండలో ఉన్న వాకిలికీ నీడలో ఉన్న గదికీ వెలుతురులో ఉన్న తేడా అంత ఎక్కువ. కన్ను సర్దుకుంటుంది, ఫోన్ పూర్తిగా సర్దుకోలేదు. ఏదో ఒకటి తేల్చుకోవాలి. బయటి దృశ్యం కావాలంటే దాని మీద వేలు పెట్టి కాసేపు అదిమి ఫోకస్ లాక్ చేయండి, సూర్యుడి గుర్తును కిందికి లాగండి. కిటికీ చట్రం నల్లటి అంచుగా మిగులుతుంది. అది తప్పేమీ కాదు, చాలాసార్లు అందం అదే.

రెండూ కావాలంటే పొద్దుగూకాక 10 నుంచి 20 నిమిషాల మధ్య, గదిలో లైటు వేసి తీయండి. లోపలి వెలుతురు, బయటి వెలుతురు అప్పుడు దాదాపు సమానమవుతాయి. హెచ్‌డీఆర్ (వేర్వేరు వెలుతురులో తీసిన ఫొటోలను ఫోన్ ఒకటిగా కలిపే పద్ధతి) కూడా పనికొస్తుంది కానీ పరదా గాలికి ఊగుతుంటే అంచులు రెండేసి వస్తాయి.

దోమల జాలీ, ఇనుప చువ్వలు అడ్డమొస్తున్నయి.

చువ్వల మధ్య సందులోంచి లెన్స్ మాత్రం బయటికి చూసేలా పెట్టండి. పై అంతస్తుల్లో ఫోన్‌కు తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవడం మంచిది. జాలీ తీయడానికి వీలుంటే తీయడమే సరైన పని. వీలు కాకపోతే లెన్స్‌ను జాలీకి ఆనించి తీయండి. గళ్లు కనబడకుండా పోతాయి కానీ ఫొటో కాస్త పాలిపోతుంది, తర్వాత కాంట్రాస్ట్ పెంచుకోవాలి. జాలీ మీద నేరుగా ఎండ పడుతున్నప్పుడు మాత్రం ఏం చేసినా ఫలితం ఉండదు.

మా మిద్దె మీది నుంచి గుట్టలు కంటికి పెద్దగ కనిపిస్తయి. ఫోన్ల మాత్రం పుట్టల లెక్క వస్తున్నయి.

ఫోన్ మామూలు లెన్స్ చాలా వెడల్పు చూస్తుంది. కన్ను గుట్ట మీదే నిలుస్తుంది. ఫోన్‌కు ఆకాశం, నీళ్ల ట్యాంకు, కరెంటు తీగలు అన్నీ సమానమే. 2 లేదా 3 రెట్ల లెన్స్‌కు మార్చండి. వేళ్లతో సాగదీసే డిజిటల్ జూమ్ మాత్రం వద్దు.

రెండోది వెలుగు దిశ. లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట లాంటి రాతి గుట్టల ఆకారమంతా బండల మధ్య నీడల్లోనే ఉంటుంది. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే నీడలు బండల వెనక దాక్కుంటాయి, గుట్ట గోడలా కనబడుతుంది. పక్క నుంచి ఎండ పడే వేళ, అంటే ఉదయం 8 లోపు, సాయంత్రం 5 తర్వాత తీయండి. ముందుభాగంలో కొబ్బరి మట్టో పక్కింటి కప్పో కొంచెం ఉంచితే గుట్ట ఎంత పెద్దదో తెలుస్తుంది.

పున్నమి చంద్రుడు తెల్ల చుక్క లెక్క వస్తున్నడు. ఎందుకు?

చంద్రుడి మీద పడేది ఎండే. చుట్టూ చీకటి చూసి ఫోన్ వెలుతురు పెంచేస్తుంది, చంద్రుడు మాడిపోతాడు. చంద్రుడి మీద వేలు పెట్టి లాక్ చేసి, మచ్చలు కనబడేదాకా వెలుతురు తగ్గించండి. కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 11, షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/100 సెకనుతో మొదలుపెట్టండి.

చంద్రుడితో పాటు గుడి, గుట్ట కూడా రావాలంటే పున్నమి కన్నా ముందు రోజు మంచిది. ఆ రోజు చంద్రుడు సుమారు 50 నిమిషాలు ముందే వస్తాడు కాబట్టి నేల మీద ఇంకా వెలుగుంటుంది. గోపురం పక్కన చంద్రుడు పెద్దగా కనబడాలంటే దగ్గరికి కాదు, దూరం పోవాలి. 10 మీటర్ల గోపురం చంద్రబింబంతో సమానంగా కనిపించేది సుమారు 1150 మీటర్ల దూరం నుంచి. మనిషయితే 200 మీటర్లు చాలు. అంత దూరం నుంచి పెద్ద జూమ్ లెన్స్ ఉంటేనే పని.

రోజూ అదే కిటికీ, అదే వేపచెట్టు. తీయడానికి ఏముంది?

ఒకే చోటు నుంచి తీయడమే పనికొచ్చే విషయం. కిటికీ చట్రం మీద పెన్సిల్‌తో గీత పెట్టి, ఫోన్‌ను ప్రతిసారీ అక్కడే ఆనించండి. నెలకోసారి, ఒకే టైంకి, జూమ్ మార్చకుండా తీయండి. చలికాలం చివర ఆకు రాలడం, ఉగాదికి లేత చిగురు, పూత, వానల్లో ముదురు పచ్చ, అన్నీ వరసపెడితే ఏడాది కనబడుతుంది. గీత లేకుండా తీసినవి ఒకదానితో ఒకటి సరిపోలవు. అక్కడే చాలామంది విసుగెత్తి మానేస్తారు.

## పెరడు, మిద్దె తోట

ఎర్ర మందారం రంగు ముద్దలా వస్తున్నది, రేకులు కనిపిస్తలేవు.

ఎరుపు మీద నేరుగా ఎండ పడితే సెన్సర్‌లో ఎరుపు వాటా ముందే నిండిపోతుంది. దాంతో గీతలు, ముడతలు చెరిగిపోతాయి. వెలుతురును ఒక మెట్టు (అంటే సగానికి) తగ్గించి, నీడలో ఉన్న పువ్వును తీయండి. నీడ లేకపోతే తెల్లటి పల్చని ధోవతి గుడ్డను పువ్వుకూ ఎండకూ మధ్య పట్టండి. మల్లె, నందివర్ధనం లాంటి తెల్ల పూలకూ ఇదే పద్ధతి. బంతి, చామంతి కొంచెం ఎండ తట్టుకుంటాయి.

దగ్గరికి పోతే ఫోకస్ అయితలేదు.

ప్రతి లెన్స్‌కూ ఒక కనీస దూరం ఉంటుంది. చాలా ఫోన్ల ప్రధాన లెన్స్‌కు అది 10 సెంటీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ. వెనక్కి జరిగి 2 రెట్లలో తీయండి. వెనక ఉన్నవి కూడా మెత్తగా మసకబారి పువ్వు విడిగా కనిపిస్తుంది. బాగా దగ్గరి నుంచి తీసే మాక్రో మోడ్ ఉంటే వాడొచ్చు కానీ, అందులో ఫోన్ నీడ పువ్వు మీద పడకుండా చూసుకోవాలి.

గాలికి పువ్వు ఊగుతుంటే?

తెల్లవారాక గంటలోపు గాలి తక్కువ. అప్పుడే తీయండి. కాడను పక్కనే పాతిన పుల్లకు దారంతో వదులుగా కట్టొచ్చు. వరుసగా పది తీస్తే ఒకటి నిలుస్తుంది.

తోటలో వెనక అంతా బట్టలు, బకెట్లు, పైపులు పడుతున్నయి.

పువ్వును జరపలేం, మనం జరగొచ్చు. కింద కూర్చుని ఆకాశం వెనక వచ్చేలా పెట్టండి, లేదా పైనుంచి తడి మట్టి వెనక వచ్చేలా చూడండి. ఏదీ కుదరకపోతే నల్ల బట్టనో ముదురు పచ్చ చీరనో ఓ అర మీటరు వెనక పట్టించండి. ఇంకా దగ్గరైతే నూలు పోగులు కూడా కనబడతాయి.

## బస్సులో, రైల్లో

ఏ పక్క సీటు తీసుకుంటే బాగుంటది?

సూర్యుడు ఉన్న పక్కకు ఎదుటి పక్క. అక్కడి పొలాలు, గుట్టలు వెలుగులో ఉంటాయి, అద్దం మీద ఎండ పడదు. హైదరాబాద్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ పోయే లైను ఆగ్నేయంగా, మహబూబ్‌నగర్, గద్వాల పోయే లైను దక్షిణంగా సాగుతుంది. అందుకే రెండింట్లోనూ పోయేటప్పుడు పొద్దున కుడి పక్క, సాయంత్రం ఎడమ పక్క. వచ్చేటప్పుడు దీనికి తిరగేసి లెక్క.

నది కోసం కాచుకునేవాళ్లకు: నల్లగొండ లైనులో విష్ణుపురం దాటాక కృష్ణ వస్తుంది. గద్వాల లైనులో గద్వాలకు ముందు కృష్ణ, కర్నూలుకు ముందు తుంగభద్ర. బస్సులో అయితే ఎడమ పక్క మేలు. కుడి పక్క ఎదురొచ్చే లారీలే అడ్డం.

కదిలే బండి నుంచి తీస్తే అంతా మసక.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. షట్టర్ 1/100 సెకను తెరుచుకుంటే ఆ లోపల 17 సెంటీమీటర్లు జరుగుతుంది. 1/1000 అయితే 1.7 సెంటీమీటర్లే. కాబట్టి 1/1000 లేదా అంతకన్నా వేగం పెట్టండి, ఐఎస్‌ఓ పెరిగినా పర్వాలేదు. పట్టాల పక్క తుమ్మచెట్టు ఎలాగూ చెదురుతుంది. దూరంగా ఉన్న చెరువు, తాళ్లవనం, గుట్ట ఎంచుకోండి.

ఫోన్‌ను అద్దానికి గట్టిగా అదమొద్దు, బండి వణుకంతా ఫోన్‌లోకి వస్తుంది. మధ్యలో ఒక వేలు మెత్తగా ఆనించండి. స్తంభాలు ఒరిగినట్టు వస్తే అది మీ చేతి తప్పు కాదు. ఫోన్ సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది, ఆలోపు స్తంభం పక్కకు జరుగుతుంది.

తలుపు దగ్గర, ఫుట్‌బోర్డు మీద నిలబడి తీయొద్దు. 1989 రైల్వే చట్టం ప్రకారం ఫుట్‌బోర్డు ప్రయాణం నేరం. వంతెన మీద ఇనుప దూలాలు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంటాయి.

## చేరాక

సాగర్ గేట్లు ఎత్తినప్పుడు తీస్తే తెల్లటి గోడ లెక్క వస్తున్నది.

నాగార్జునసాగర్‌కు 26 గేట్లు. పైనుంచి వరద వచ్చి జలాశయం నిండిన ఏడాదే, ఎక్కువగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య, ఎత్తుతారు. వార్తలు చూసుకుని బయలుదేరండి. నీటి నురగ తెల్లదనానికి వెలుతురును దాదాపు ఒక మెట్టు తగ్గిస్తే నీటి పోగులు విడిగా కనబడతాయి. ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. ఆ ఎత్తు తెలియాలంటే మనిషో, చెట్టో, వాహనమో ఫ్రేములో ఉండాలి. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, ప్రతి రెండు మూడు ఫొటోలకోసారి తుడవండి.

తుంపరలో ఇంద్రధనుస్సు కావాలంటే సూర్యుడు మీ వీపు వెనక, 42 డిగ్రీల కన్నా తక్కువ ఎత్తులో ఉండాలి. ఆగస్టులో అది ఉదయం 9 లోపు, మధ్యాహ్నం 3:30 తర్వాత. పైనుంచి కిందికి చూసేవాళ్లకు ఇంకాస్త ఎత్తులోనూ దొరుకుతుంది. ఆనకట్ట మీద, గేట్ల దగ్గర కాపలా ఉంటుంది. వద్దన్న చోట తీయకండి, దారి మధ్యలో బండి ఆపకండి.

జలపాతం పట్టు చీరలా రావాలంటే?

షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను దాకా తెరిచి ఉంచాలి, ఫోన్ అస్సలు కదలకూడదు. ట్రైపాడ్, 2 సెకన్ల టైమర్ తప్పవు. ఎండలో కెమెరాకు 6 మెట్లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. నీడలో, మబ్బులో లేకుండానే కుదురుతుంది. ఫోన్‌లో లాంగ్ ఎక్స్‌పోజర్ మోడ్ వెతకండి. సాగర్ నుంచి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో, పల్నాడు జిల్లాలో ఉన్న ఎత్తిపోతలను లోయకు ఇవతలి నుంచి చూస్తాం కాబట్టి జూమ్ కావాలి. నల్లమలలోని మల్లెలతీర్థం దగ్గర మెట్లు దిగి కిందికి పోతాం, అక్కడ వెడల్పు లెన్స్. మత్తడి దుంకే చెరువులూ ఇంతే అందంగా వస్తాయి. పాకుడు పట్టిన మత్తడి మీదికి మాత్రం ఎక్కొద్దు.

పిల్లలమర్రి ఎంత వెనక్కి పోయినా ఫ్రేముల పట్టదు.

మొత్తం పట్టించాలనుకోవడమే చిక్కు. ఎకరాల మేర పరుచుకున్న మర్రి అది. ఒక ఊడల వరస, వాటి మధ్య నడిచే ఒక మనిషి, అంతే తీయండి. ఎండలో ఆకుల సందుల్లోంచి పడే చుక్కల వెలుగు ఫొటోను చిందరవందర చేస్తుంది. మబ్బు పట్టిన రోజు మేలు. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగాక కొన్నేళ్లు సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ సీసాలతో చెదల మందు ఎక్కించి చెట్టును కాపాడారు. ఊడల మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీయాలనే సరదా వదులుకోవడం మంచిది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ ఫొటోల వస్తలేదు.

ఫ్లాష్ వెలిగి ఉంటుంది, చూసుకోండి. గర్భగుడి గోడ మీద పడే ఆ స్తంభం నీడ బయటి నుంచి చెదిరి వచ్చే మెత్తటి వెలుతురుతో ఏర్పడుతుంది. ఫ్లాష్ వేస్తే ఆ తేడా తుడిచిపెట్టుకుపోతుంది. పూజారి అనుమతి అడిగి, ఫ్లాష్ ఆపి, గోడలో వెలుగున్న భాగం మీద ఫోకస్ లాక్ చేసి, గడపకో స్తంభానికో ఆనుకుని తీయండి. వెలుతురు వచ్చే దారిలో జనం నిలబడితే నీడ పల్చబడుతుంది. వాళ్లు జరిగేదాకా ఆగాలి.

శ్రీశైలం దారిలో నల్లమలలో ఎక్కడంటే అక్కడ ఆగొచ్చా?

ఆగొద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను పోనివ్వరు. పొడుపు ఫొటో కోసం చీకట్లో బయలుదేరితే చెక్‌పోస్టు దగ్గరే తెల్లవారుతుంది. అటవీ శాఖ అనుమతించిన వ్యూ పాయింట్ల దగ్గరే దిగండి, కోతులకు ఏమీ పెట్టకండి. బ్యాగులో ఫోన్ ఉన్నా అవి లాక్కుంటాయి.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కృష్ణ నీళ్లు ఒక పక్కకు ఒరిగినట్టు వస్తున్నయి.

ఫోన్ సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి. పడవలో ఉంటే నీటి అంచును గీతకు సరిచూసి, పడవ ఊగి నిలిచే క్షణంలో నొక్కండి. ఎదుటి ఒడ్డు వంపు తిరిగి ఉంటే దాన్ని నమ్మొద్దు, గుడి స్తంభమో చెట్టో నిలువుగా ఉందా అని చూడండి.

డ్రోన్ ఎగరేయొచ్చా?

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ముందు డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడాలి. గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. పులుల అభయారణ్యం, ఆనకట్టలు, రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా అసలు తీయొద్దు.

ఫొటోల ధ్యాసలో పడి చూసుడే మర్చిపోతున్నం.

చేరగానే ఫోన్ తీయకండి. ఓ పది నిమిషాలు ఊరికే తిరగండి: ఎండ ఎటు నుంచి పడుతోంది, గాలి ఎటు, నీళ్ల చప్పుడు ఎక్కడ. ఆ పది నిమిషాల్లోనే నిలబడాల్సిన చోటు తెలిసిపోతుంది కాబట్టి ఫొటోకూ అదే లాభం. పిల్లలు, పెద్దవాళ్లతో పోతే వాళ్ల ఫొటోలు మొదట ముగించండి. ఎండలో నిలబెట్టి "ఇంకొక్కటి" అంటే ఎవరికీ సరదా మిగలదు.

## ఇంటికొచ్చాక

రంగులు ఎంత పెంచాలి?

ఎర్రమట్టి నారింజ రంగులోకి, వరి ఆకు రేడియం రంగులోకి మారితే దాటిపోయినట్టే. ముందు ఒరుగు సరిచేయండి, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే రంగు. సరిచేసి పక్కన పెట్టి మర్నాడు చూస్తే ఎక్కడ ఎక్కువైందో తెలుస్తుంది.

వాట్సాప్‌ల పంపితే ఫొటో పాడైతున్నది.

మామూలుగా పంపితే అది ఫొటో సైజు తగ్గిస్తుంది. హెచ్‌డీ ఎంచుకోండి, లేదా డాక్యుమెంట్‌గా జోడించండి. అయితే డాక్యుమెంట్‌గా పోయిన ఫొటోలో తీసిన చోటు వివరాలు కూడా ఉండొచ్చు. ఇంటి కిటికీ నుంచి తీసినవి తెలియనివాళ్లకు పంపేముందు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపి తీసినవే పంపండి.